ముదిరిన బెండకాయ

బెండకాయ ముదిరినను బ్రహ్మచారి ముదిరినను పనికిరావని మనవారిలో నొక సామెత కలదు. పెండ్లిపందిళ్ళలోను, పంక్తిభోజనములలోను, నలుగురు చేరి నవ్వుకొనవలసి వచ్చినప్పుడెల్ల నీ సామెత బయటికి వచ్చుచుండును. చెప్పినవారు నవ్వుదురు, విన్నవారు నవ్వుదురు, ఎవనిని గూర్చి చెప్పబడినదో వాడును, నవ్వకున్న బాగుండదని, నవ్వును. సామెతలు ప్రజల యనుభవసారమని పండితులు సెలవిచ్చుచుందురు. కావచ్చును. కాని యే ప్రజల యనుభవము? ఎక్కడ కూర్చుండి గడించిన యనుభవము? దీనిని విచారింపక తలయూచుట మాకు సమ్మతము గాదు.

ముదిరిన బెండకాయ కూరకు పనికిరాదు, నిజమే. కత్తిపీట ముందు కూర్చున్నవారికి అది పారవేయదగినదే. అయితే పెరటిలో బెండ వేసిన యే రైతునైనను అడిగి చూడుడు. బలమైన మొక్క నొకదాని నేరి, దానికి కాచిన చక్కని కాయలను రెండు మూడింటిని కోయక విడిచి, పిల్లలు తెలియక త్రెంపకుండ గుడ్డపీలిక గట్టి గురుతు పెట్టి, అవి ముదిరి, యెండి, పగులబారువరకు కాచి, ఆ గింజలను బూడిద కలిపి దాచును. మరుసటి యేటి కూర యంతయు ఆ ముదిరిన కాయలోనిదే. కాబట్టి యీ సామెత సేద్యగాని నోట పుట్టినది కాదు; విస్తరి ముందు కూర్చున్నవాని నోట పుట్టినది. తినుట మాత్రమే యెరిగినవాడు పనికివచ్చునది, పనికిరానిది నిర్ణయింపగా, పండించువాడును వానితో కలిసి నవ్వుచున్నాడు. ఇదియే మాకు వింతగా నున్నది.

ఈ మాట మేము వట్టి వాదమునకై చెప్పుట లేదు. మా పినతండ్రి డెబ్బదియారేండ్లు బ్రదికి, 2017వ సంవత్సరము జనవరిలో, కనుమ వెళ్ళిన వారము దినములకు గతించెను. ఆయనకు పెండ్లి కాలేదు. కృష్ణ పడమటి డెల్టాలో, రేపల్లె ప్రాంతమున, కాలువ చివరి భూములలో ఆయన యేబదియేండ్లకు పైగా సేద్యము చేసెను. చివరి భూములనగా నేమో యెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. విజయవాడ యానకట్ట 1855లోనే పూర్తియైనది. దాని తరువాత ప్రకాశము బ్యారేజి 1957లో వచ్చినది. అయినను పై యూళ్ళ మళ్ళు నిండిన పిమ్మటగాని చివరి యూళ్ళకు నీరు రాదు. వచ్చునది అర్ధరాత్రమో, తెల్లవారుజామో. పార భుజమున వేసికొని, లాంతరు చేతబట్టి, కాలువగట్టున కూర్చుండి మడవ కాచుట కెవరిని పంపుదురు? ఆలుబిడ్డలు గలవానిని పంపరు. "వాడికేముందిలే, ఒంటిగాడు" అని మా బాబాయినే పంపుచుండిరి. ఆయన జీవితమంతయు నీ "వాడికేముందిలే" యను మాట క్రిందనే వెళ్ళిపోయినది.

వరికోతకు రెండు మూడు దినములు ముందుగా, నిలిచియున్న చేనిలోనే మినుములు వెదజల్లుట మా డెల్టా సేద్యములో నొక గొప్ప మెలకువ. పదును మిక్కుటమైనచో గింజ కుళ్ళును, తక్కువైనచో మొలవదు, కోతగాండ్ర కాలిక్రింద నణగి గింజ మట్టిలో దిగవలెను. నాలుగు దినములు ముందు వెనుకలైనను రెండవ పంట మీద ఆశ వదలుకొనవలసినదే. మా బాబాయి చెప్పులు గట్టున విడిచి, చేనిలోనికి నాలుగడుగులు నడిచి, మడమ యెంత దిగినదో చూచుకొని, "ఎల్లుండి" అని చెప్పెడివాడు. ఊరిలో సగముమంది ఆ "ఎల్లుండి" కొరకు కాచుకొనియుండెడివారు. 1977 నవంబరు 19వ తేదీనాటి యుప్పెనలో మా పల్లపు మళ్ళలోనికి సముద్రపు నీరెక్కినది. ఉప్పుదేరిన నేలకు కాలువనీరు పెట్టి, నిలువగట్టి, తీసివేసి, మరల పెట్టి, రెండేండ్లలో దానిని తిరిగి పంటనేలగా జేసినవాడాయన. 1982లో మారుటేరు పరిశోధనా స్థానమునుండి స్వర్ణయను వరివంగడము వెలువడిన పిమ్మట దానిని మా యూర తొలుత నాటినవాడును ఆయనయే. విత్తనము కావలసినవారు మా గాదె దగ్గరకే వచ్చుచుండిరి. అప్పుగా గొనిపోయినవారిలో తిరిగి యిచ్చినవారెందరో మా బాబాయికిని తెలియదు, అడుగడు గనుక.

ఆయనను దేవునిగా జేయవలెనని మా యుద్దేశము గాదు. చుట్ట మానలేదు. నోరు మంచిది గాదు. పేకాటలో నోడినచో రెండు దినము లెవరితోను మాటాడడు. రేపల్లెలో క్రొత్త చిత్రము వచ్చినదని తెలిసినచో కుప్పనూర్పు నడుమనైనను మాయమై, మరునాడు చిత్రకథ యంతయు కళ్ళమున కూలీలకు వినిపించి, వారి పని చెరిపెడివాడు. మేము సంస్కృతము చదివెదమనగా, అది చదివి యేమి తినునని యింటిల్లిపాదియు నడిగిన దినమున, "చదవనీండి, మనకు తెలియనిది ఇంట్లో ఒకడైనా చదవాలి గదా" అని, కళాశాలకు కట్టవలసిన సొమ్ము తెచ్చి మా చేత పెట్టినవాడాయన. ఇంతకన్న మంచి కారణమును సంస్కృతాభ్యాసమునకు మరియొకరు చెప్పగా మేము వినలేదు.

ఆయన యేల పెండ్లి చేసికొనలేదు? ఊరివారి యూహలు పెక్కులు. వ్రతమనువారు వ్రతమనిరి, లోపమనువారు చెవిలో లోపమనిరి, భగ్నప్రేమ యను సినిమా కథ యల్లినవారును గలరు. నిజము వీటన్నింటికన్న చప్పనిది. కావుననే దాని నెవ్వరును చెప్పరు. మా తాతగారు 1962లో పోయిరి. మా తండ్రిగారు పట్టణమున గుమాస్తా యుద్యోగములో నుండిరి. ఇంట ముగ్గురాడపిల్లలు, మా మేనత్తలు. వరకట్న నిషేధ చట్టము 1961 జూలై 1వ తేదీనుండి దేశమున నమలులోనికి వచ్చినది. మా మేనత్తల వివాహములు మూడును దాని తరువాత, 1964, 1970, 1979 సంవత్సరములలో, మూడును కట్నములతో జరిగినవి. ఒక్కొక్క పెండ్లి యప్పు తీరుటకు ఆరేడేండ్లు పట్టెను. కడపటి చెల్లెలిని అత్తవారింటికి పంపునప్పటికి మా బాబాయికి ముప్పదియెనిమిదేండ్లు. ఆ యప్పు తీరునప్పటికి నలుబదియైదు.

అయితే ఆయన పెండ్లి చేసికొని యుండదగు ఉపాయమొకటి లేకపోలేదు. పెద్దలందరును దానినే చెప్పిరి. నీవును పెండ్లి చేసికొనుము, నీకు వచ్చు కట్నముతో చెల్లెలి కట్నము తీర్చుము అని. లెక్క సరిగానే యున్నది. మన యూళ్ళలో సగము పెండ్లిండ్లు ఈ లెక్కమీదనే నడచుచున్నవి. దానికి మా బాబాయి చెప్పిన మాట మా మేనత్తలవలన వింటిమి: "వాళ్ళ నాన్నచేత పొలం అమ్మించి మన పొలం నిలుపుకొనేదా?" కట్నములను ఖండించి మన పత్రికలలో వ్రాసినవారును, సభలలో మాటాడి దండలు వేయించుకొన్నవారును పెక్కుమంది కలరు. వారిలో కొందరి యిండ్ల పెండ్లిండ్లకు మేమును పోయి భోజనము చేసి వచ్చితిమి గనుక వారి సంగతి విస్తరింపము. ఏ యుపన్యాసమును విననివాడు, ఏ సంఘమునందును జేరనివాడు, కట్నము పుచ్చుకొనక ఆ కారణముననే యింటివాడు గాకపోయినవాడు మాత్రము సామెతలో బెండకాయ యయ్యెను.

ఇక మా బాబాయి యొకమారు కుటుంబమైన కథ చెప్పవలసియున్నది. ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టము 1973లో చేయబడి 1975 జనవరి 1వ తేదీన నమలులోనికి వచ్చినది. ఒక్కొక్క కుటుంబమునకు తరినేల దాని తరగతినిబట్టి 10 మొదలు 27 ఎకరముల వరకు, మెట్ట 35 మొదలు 54 ఎకరముల వరకు మాత్రమే యుండవచ్చునని దాని విధి. ఆ చట్టమున కుటుంబమనగా భార్యాభర్తలు, మైనరు బిడ్డలు. భార్య లేని వ్యక్తియైనచో నాతడొక్కడే యొక కుటుంబము. అప్పుడు మాకు ఇరువదిరెండెకరముల మాగాణి. ఊరి పెద్దలు, కరణము, బంధువులు అందరును కాగితముల ముందు కూర్చుండి మా బాబాయిని తలచుకొనిరి. పొయ్యి లేదని, దీపము పెట్టు దిక్కు లేదని, ఎవనినయితే యింటి లెక్కలో చేర్చలేదో, ఆయన పదునొకండెకరముల పేర ప్రత్యేక కుటుంబముగా వ్రాయబడెను. ఆ కాగితపు నకలును మేము చూచితిమి. కుటుంబ సభ్యుల సంఖ్యయను చోట 1 అని యున్నది. చట్టము తప్పేమియు లేదు, వ్రాసినదియు నిజమే. భూమి నిలుపుకొనవలసిన దినమున కుటుంబమైనవాడు మరునాటినుండి మరల "ఒంటిగాడు" ఎట్లయ్యెనో మాత్రమే మాకు బోధపడలేదు. (ఆ యిరువదిరెండెకరములలో 1956 నాటి హిందూ వారసత్వ చట్టమునుబట్టి మా మేనత్తలకును కొంత భాగము రావలసియుండెను. ఇచ్చిన కట్నముతో సరియని చెప్పి యెవ్వరును దాని మాట యెత్తలేదు. అది వేరొక వ్యాసమునకు దగినది.)

మా యక్క పెండ్లి 1999లో జరిగినది. దానికి రెండెకరములు, మా చెల్లెలి పెండ్లికి రెండెకరములు, మా బాబాయి తన భాగములోనివి యమ్మెను. కట్నము పుచ్చుకొననివాడు కట్నములిచ్చుచునే పోయెను. అక్క పెండ్లి నాటికి మా తండ్రిగారు జబ్బుపడి మంచముమీద నుండిరి. కన్యను ధారపోయువారెవరను ప్రశ్న వచ్చినది. మా బాబాయి పేరు పురోహితుడుగాని, బంధువులుగాని తలపనైనలేదు. భార్య లేనివాడు పీటలమీద కూర్చుండరాదట! దూరపు జ్ఞాతి యొకడు, మా యింటికి పదేండ్లనుండి రానివాడు, దంపతులలో నొకడగుటచే పీటలమీద కూర్చుండెను. మా బాబాయి వంటసాలలో గాడిపొయ్యి దగ్గర నిలువబడి గుండిగలు దింపించుచుండెను. యాజ్ఞవల్క్యుడు కన్యాదాతలను లెక్కించుచు తండ్రి, తాత, సోదరుడు, వంశములోనివాడు, తల్లి యని క్రమము చెప్పెను. ఒంటరిగానున్న తల్లినిగూడ నా మహర్షి దాతగా నంగీకరించినాడే! పిల్లను పెంచిన పినతండ్రి కాదనుటకు మీకే స్మృతి యాధారమని మేమిప్పుడడుగుచున్నాము.

శాస్త్రమనగా భయపడువారికొరకు మరికొంత శాస్త్రమే చెప్పెదము. పుత్రుడు లేనివానికి గతి లేదని అందరును వల్లించుచుందురు. ఒక తల్లి కడుపున బుట్టిన యన్నదమ్ములలో నొక్కనికి కొడుకున్నచో ఆ కొడుకువలన నందరును పుత్రవంతులేయని మనువు తొమ్మిదవ యధ్యాయమున చెప్పిన సంగతిని మాత్రము వల్లింపరు. మనువుతో మాకు తగవులు పెక్కు గలవు. కాని యీ పట్టున మనువుకన్న మన పెద్దలే కఠినులు. మాఘ శుద్ధాష్టమినాడు లోకమంతయు తిలోదకము లెవరికి విడుచుచున్నది? భీష్మునకు. ఆయన పెండ్లి చేసికొనలేదు. తమ్మునికి పెండ్లికూతుండ్రను తెచ్చెను. ఆ తమ్ముడు పోగా వాని వంశమును పెంచెను. తనకు పుట్టని పాండవులచేత తాతయని పిలిపించుకొనెను. సంతానము లేని యా ముదుసలి బ్రహ్మచారికి అన్ని వర్ణములవారును నీళ్ళు విడువవలెనని విధించిన ధర్మమే మనది. భారతము చదివినవారు ఇంటనున్న భీష్ముని పొయ్యి దగ్గర నిలువబెట్టుట యెట్టి చదువు?

భాషయు మన పక్షమున లేదు. ఇంగ్లీషు భాషలో బ్యాచిలరను పదము తొలుత యువకుడైన యొక వీరభటునికి చెల్లినది. తరువాత విశ్వవిద్యాలయ పట్టమునకు చెల్లినది. ఆ పట్టమును పుచ్చుకొని మేమును పెండ్లియైనవారమై యున్నాము. మన బ్రహ్మచారి పదము విద్యార్థికి జెందినది. డెబ్బదియేండ్ల వానికది పెట్టగా వేళాకోళముగా మారినది. అదియు జాలక ఘోటక బ్రహ్మచారియని గుఱ్ఱమును గూడ తెచ్చి తగిలించిరి. "పెండ్లి కానివాడు" అనునది పేరు గాదు. లేనిదానిని చెప్పి యున్న మనుష్యుని దాచుట. పాణిని పితృవ్యయను పదమును ప్రత్యేకముగ నొక సూత్రమున సాధించెను. తండ్రి తోబుట్టువునకు వేరొక పేరుండవలెనని తోచిన భాష మనకు వారసత్వముగా వచ్చియుండగా, పట్టణములలో మన పిల్లలు పెదనాన్నను, బాబాయిని, మేనమామను, పాలవానిని కలిపి యొక్క అంకులుతో సరిపెట్టుచున్నారు.

ఇచట ఆక్షేపణలు రాగలవు. వితంతువులు, వరకట్నపు మరణములు, చదువులేని బాలికలు ఉండగా ముసలి బ్రహ్మచారి కొరకు కన్నీరా యని కొందరందురు. ఆడువారి కష్టముతో దీనిని మేము తూచుటలేదు; తూచినచో దీని తట్ట తేలిపోవును. వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు ఎదుర్కొన్న మూర్ఖత్వము వేరు కాదు. జీవితభాగస్వామి యున్నదా లేదాయను దానినిబట్టి మనుష్యుని శుభమనియు నశుభమనియు, లెక్కకు వచ్చువాడనియు రానివాడనియు విభజించుటయే దాని వేరు. ఆ వేరునుండి పెద్దకొమ్మ వితంతువుమీద పడినది. చిన్నకొమ్మ మా బాబాయిమీద పడినది. పెండ్లి కాని స్త్రీమీద పడిన కొమ్మ మరియు పెద్దది.

వేరొకరు మా కనుకూలమైనట్లే మాటాడుదురు: ఆయన త్యాగమూర్తియనియు, తమ్ములకును బిడ్డలకును కరిగిపోయిన కొవ్వొత్తియనియు. వీరిని జూచినచో మాకు సామెత చెప్పినవారికంటె నెక్కువ కోపము వచ్చును. యేబదియేండ్ల చాకిరికి కూలి కట్టినచో నెంతయగునో లెక్క వేయుటకు భయపడి, దానికి త్యాగమని పేరు పెట్టి, ఖర్చులేని దండ యొకటి వేయుచున్నారు. పాలేరునకు ఏటికింత యని జీతము గలదు, పండుగకు బట్టలు గలవు. ఇంటి బ్రహ్మచారికి త్యాగము గలదు! మా బాబాయి తన నోట నెన్నడు నా మాట యనలేదు. పెండ్లి చేసికొని యుండవలసినదని యొకమారు, గడ్డివామి దగ్గర, ఎవరితోనో కాక తనలో తాననుకొన్నట్లు అనగా విన్నవారున్నారు.

ఆయన పోయిన దినమున బంధువులలో పెద్దవారొకరు జిల్లేడు కొమ్మ తెప్పించుడనిరి. పెండ్లికాక చనిపోయినవానికి జిల్లేటితో వివాహము చేసి గాని దహనము చేయరాదను నాచారము కొన్ని తావుల గలదు. బ్రదికియుండగా నలుబదియేండ్లలో నెవరును పూనుకొని చేయని పెండ్లిని, చచ్చిన గంటలో చెట్టుకొమ్మతో చేయబూనిరి. మా చిన్న మేనత్త లేచి, "వాడు బతికుండగా ఎవరినీ కట్నం అడగలేదు, ఇప్పుడు జిల్లేడు చెట్టును మాత్రం ఎందుకు అడగాలి?" అన్నది. ఎవరికిని మారుమాట తోచలేదు. కొమ్మ రాలేదు.

పదునొకండవనాటికి మా బాబాయి అందరికిని సొంతవాడయ్యెను. మిగిలిన యేడెకరములలో రెండెకరములు ఆ చిన్న మేనత్తకు, అయిదెకరములు మా యన్నదమ్ములకు చెందవలెనని ఆయన వీలునామా వ్రాసియుంచెను. మేనత్త భర్త పోయి, బిడ్డలు లేక, పుట్టింటనే పదునైదేండ్లనుండి ఉండి, ఆయన కడపటి రోగములో సేవ చేసినది. అయినను మా యింటివారిలో కొందరు, వంశము లేనివానికి వీలునామా యేమిటనియు, బ్రహ్మచారి భూమి వంశమునకు చెందునుగాని ఆడపడుచునకు చెందదనియు వాదము లేవదీసిరి. సంస్కృతము చదివితిమని మా నోట ధర్మశాస్త్రము చెప్పింపవలెనని చూచిరి. మేము వారికి ధర్మశాస్త్రము చెప్పలేదు. రేపల్లెకు దీసికొనిపోయి యొక న్యాయవాది ముందు కూర్చుండబెట్టితిమి.

ఆయన చెప్పినదిది. ఉమ్మడి యాస్తిలోని తన భాగమునైనను వీలునామా మూలముగ నిచ్చుకొను హక్కు 1956 నాటి చట్టము 30వ సెక్షనువలన ప్రతి హిందువునకును గలదు. దానికి పెండ్లితో పనిలేదు. వీలునామా చెల్లదందురా, సంతోషమే. అప్పుడు భార్యయు, బిడ్డలును, తల్లిదండ్రులును లేనివాని యాస్తి రెండవ తరగతి వారసులకు పోవును. ఆ తరగతిలో సోదరుడును సోదరియు నొక మెట్టుమీద నున్నారు. సోదరుని కుమారులు దానికి రెండు మెట్లు క్రింద నున్నారు. మా తండ్రిగారు 2009లోనే పోయిరి. కాబట్టి యేడెకరములును బ్రదికియున్న యిద్దరు మేనత్తలకే చెందును. మీకు సెంటు భూమియు రాదు. ఇది విని మా వారు వంశమును గూర్చిన చర్చ నంతటితో ముగించి, వీలునామాలోని చేవ్రాలు మా బాబాయిదేయని, ఆయన చేతివ్రాత తమకు చిన్ననాటినుండి తెలియునని, యొకరితరువాత నొకరు చెప్పసాగిరి.

రెండెకరములకును పట్టాదారు పాసుపుస్తకము మేనత్త పేర వచ్చినది. ఆ యేటి వరికోతల ముందు మేము సెలవుపై పోయి చూడగా అప్పటికే మినుములు చల్లించియున్నది. పదును చూచుట కెవరిని పిలిచితివత్తా యని యడిగితిమి. "ఎవరినీ పిలవలేదురా. వాడు చూసేటప్పుడు నేను గట్టున నిలబడి చూస్తూనే ఉన్నాగా. నేనే దిగి చూసుకున్నాను" అన్నది.